అవ్వ ప్రార్థనలో సగం

అవ్వను సమాధి చేసి తొమ్మిది రోజులైంది. ఆమె పేరున పెట్టిన ఆదరణ కూడికకు ఊరికి పోదామని కర్నూలులో ఎమ్మిగనూరు బస్సెక్కాను. కోడుమూరు దాటాక, ముందు సీట్లో కూర్చున్న ఒకాయన ఫోన్లోంచి అవ్వ గొంతు వినపడింది.

"ఏం సామీ, చెవుడొచ్చిందా నీకు?"

ఆ మాట వెనకాలే ఎవరో అతికించిన నవ్వులు. ఆయనా నవ్వాడు. పక్కనున్న భార్యకు ఫోను చూపించాడు. ఎవరీమె అని ఆమె అడిగితే, ఎవరో, దేవుణ్ణి తిట్టే అవ్వంట అన్నాడు. మరోసారి పెట్టాడు. చెవుడొచ్చిందా అని అవ్వ మళ్ళీ అడిగింది.

ఆయన భుజం తట్టి, ఆ అవ్వ చనిపోయిందన్నా, ఆమె ప్రార్థన అక్కడితో అయిపోలేదు, తర్వాత ఇంకా ఉంది అని చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు. ఆ వీడియో తీసిందీ, కోసిందీ, జనం మీదికి వదిలిందీ నేనే. కిటికీలోంచి దున్ని వదిలేసిన నల్లరేగడి చేలను చూస్తూ, ఊరు వచ్చేదాకా తల తిప్పలేదు.

అవ్వ నాకు సొంత అవ్వ కాదు. మా ఊరి చర్చి సంఘంలో అందరికీ అవ్వే. ఆమె పేరు ఇక్కడ రాయను. అడగకుండానే ఆమెను ఊరూపేరూ తెలియని జనానికి ఒకసారి చూపించాను. రెండోసారి చూపించే హక్కు నాకు లేదు.

ప్రార్థన అంటే మేమందరం కళ్ళు మూసుకుంటాం. అవ్వ మూసుకునేది కాదు. ఏ ఇంట్లో కూర్చున్నా ముందుగా పైకప్పుకూ గోడకూ మధ్య ఒక మూల చూసుకునేది. అక్కడెవరో కూర్చున్నట్టు అటే చూస్తూ మాట్లాడేది. ఆదివార బడిలో పిల్లలకు కళ్ళు మూసుకొమ్మని నేర్పేదాన్ని నేనే. ఒకరోజు ఒక పాప లేచి, అవ్వ మూసుకోదు కదక్కా అంది. అవ్వనే పోయి అడిగాను.

"కండ్లు మూసుకొని అరిస్తే, ఎవురిని అరుస్తాండానో ఆయనకెట్ల తెలుస్తాది పాపా?" అంది.

ఆమె ఎడమ మోకాలు వంగదు. ఆ కాలు చాపుకొని, కుడి కాలు ముడుచుకొని కూర్చునేది. ఆ కుడి మోకాలు లేకుండా ఆమె ప్రార్థన లేదు. ఎందుకో చెబుతాను.

ఆమె ప్రార్థన తిట్లతో మొదలయ్యేది. తన కోసం కాదు, ఎవరింట్లో కూర్చుందో ఆ ఇంటివాళ్ళ తరఫున. కష్టంలో ఉన్నవాళ్ళు దేవుణ్ణి అడగాలనుకొని, అడిగితే పాపమేమోనని భయపడి, లోపల దాచుకున్నవన్నీ ఒక్కొక్కటే బయటికి తీసి ఆయన ముందర పెట్టేది. ఏం చేస్తాండావు నువ్వు, యాడ పోయినావు, ఈ బిడ్డ నీకేం చేసిందని అడిగేది. మూడు నాలుగు నిమిషాలు అట్లా అడిగి అడిగి, కుడిచెయ్యి పైకెత్తేది. ఆ చెయ్యి ఒక్క క్షణం గాల్లో ఆగేది. గదిలో ఎవరూ ఊపిరి తీసేవాళ్ళు కాదు. తర్వాత అది వచ్చి మోకాలి మీద చెళ్ళుమని పడేది.

"అయినా" అనేది అవ్వ.

అక్కడి నుంచి గొంతు మారిపోయేది. అంతసేపు తగవు పెట్టుకున్న మనిషి చేతిలోనే చెయ్యి పెట్టి మాట్లాడుతున్నట్టు ఉండేది. అయినా నువ్వు తప్ప మాకెవురున్నారు, అయినా నిన్నిడిసి యాడికి పోతాము, అయినా మొన్నటిదాకా కూడు పెట్టినోనివి నువ్వే గదా, ఇట్లా. ఇంటివాళ్ళకు కన్నీళ్ళు తిట్లప్పుడు వచ్చేవి కావు. ఆ చెయ్యి పడ్డప్పుడు వచ్చేవి. ఆ చప్పుడు కోసమే జనం ఆమెను పిలిచేవాళ్ళని నాకు ఇప్పుడు తెలుస్తోంది.

మా అయ్యగారు నెమ్మదస్తుడు. మా సంఘానికి కాపరిగా వచ్చిన కొత్తలో, అవ్వా, దేవునితో కొంచెం మర్యాదగా మాట్లాడాలి కదా అని చెప్పబోయాడు.

"నీకు ఆయన కొత్త అయ్యా. నాకు పాత," అంది అవ్వ.

ఆయన మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. పైగా, ఎవరింట్లో పెద్ద దెబ్బ తగిలినా తాను వాక్యం చెప్పి, ప్రార్థన మాత్రం అవ్వకు వదిలేసేవాడు.

అవ్వది ఉల్లిగడ్డల కూలి. పీకిన గడ్డలకు తోకలు కోసి కుప్పలు పోయడం. ఆమె ఎక్కడ కూర్చున్నా ఆ వాసన ముందుగా వచ్చి కూర్చునేది. ప్రార్థనలో ఆమె కళ్ళ వెంట నీళ్ళు కారితే, అవి ఏడుపు నీళ్ళా, ఉల్లిగడ్డ నీళ్ళా అని మందిరంలో వెనక కూర్చుని మేం ఆడపిల్లలం గుసగుసలాడుకునేవాళ్ళం. ఆమెకు తెలుసు. ఏవైతేనేం, తుడిచేవాడు ఒకడే కదా అనేది.

ఆమెకు చదువు రాదు. కానీ పసుపు గుడ్డలో చుట్టిన గ్రంథం చంకలో లేకుండా ఇల్లు కదిలేది కాదు. పక్కన ఎవరు కూర్చుంటే వాళ్ళతో చదివించుకునేది. నచ్చిన మాట వచ్చినప్పుడు ఆ పేజీలో ఎర్రటి ఉల్లిపొర ఒకటి పెట్టుకునేది. ఆ గ్రంథంలో ఎన్ని పొరలున్నాయో, ఏ పొర దగ్గర ఏ మాట ఉందో ఆమెకు తెలుసు. నా చిన్నప్పుడు ఆమెకు చదివి పెట్టింది ఎక్కువగా నేనే. కంఠత వాక్యాల పోటీల్లో నేను గెలుచుకున్న స్టీలు గిన్నెల్లో సగం ఆ ఉల్లిపొరల చలవే.

ఒక ఏడు జమ్మలమడుగు పక్క కూటాలకు పోయి, తిరిగి వస్తూ సంఘమంతా గండికోట దగ్గర ఆగాం. పెన్న లోయ అంచున రాళ్ళ మీద నిలబడి అందరం ఫోటోలు తీసుకుంటున్నాం. అవ్వ దూరంగా ఒక బండ మీద కాలు చాపుకొని కూర్చుంది. పోయి పక్కన కూర్చున్నాను. దేవుణ్ణి అట్లా తిట్టడానికి నీకు భయం కాదా అని ఎప్పటినుంచో అడగాలనుకున్నది అడిగాను.

ఆమె లోయ వైపు గడ్డం చూపించి, ఇంత లోతు రాయిని కోసినోడు నా మాటకు నొచ్చుకుంటాడా అంది.

"తిట్టేదానికి దగ్గరుండాల పాపా. దూరపోళ్ళను ఎవురన్నా తిడ్తారా? దూరపోళ్ళకు దండం పెట్టి పోతాము."

అప్పుడు ఫోను నా చేతిలోనే ఉంది. ఆ రోజు నేను తీసిన వీడియోలన్నింట్లో లోయ ఉంది, అవ్వ మాట లేదు.

నేను కర్నూలులో ఒక ల్యాబులో రక్తపరీక్షలు చేస్తాను. వారమంతా అక్కడుండి, శనివారం మధ్యాహ్నం ఊరికి పోయి, మందిరం పనులు చూసుకుంటాను. యువతకు నేనే పెద్దను. మా సంఘానికి ఒక చానెల్ పెట్టి, నిమిషం లోపు వీడియోలు వేయాలన్న ఆలోచన నాదే. కర్నూలులో సంఘాల యువకులకు దాని మీద ఒక రోజు శిక్షణ పెడితే పోయాను. చెప్పిన తమ్ముడు తెలివైనవాడు. ఫాలోవర్లను కొనవద్దన్నాడు. కొన్న ఫాలోవర్లు, కూలికి పిలిచి మందిరంలో కూర్చోబెట్టిన జనం లాంటివాళ్ళన్నాడు. రోజూ ఒకే వేళకు వేయండి, ప్రతి కామెంటుకూ మీరే జవాబివ్వండి, మొదటి మూడు సెకన్లలో మనిషిని ఆపండి, చివర్లో రేపటికి కొంచెం మిగల్చండి అన్నాడు. అట్లా ఆర్గానిక్‌గా పెరిగిందే నిలుస్తుందన్నాడు.

ఆ మాట ఇంట్లో చెబితే మా చిన్నాయన, మందులు కొట్టకుండా పండించేదా, అది మా చేల మాదిరి ఎండిపోతాది చూసుకో అని నవ్వాడు.

ఆయన అన్నట్టే ఎండింది. ఆరు నెలలు రోజూ సాయంత్రం ఏడింటికి పువ్వుల బొమ్మల మీద వాక్యాలు వేశాం. చూసేవాళ్ళు మా వాళ్ళే. మందిరంలో కనపడేవాళ్ళే ఫోన్లోనూ కనపడేవాళ్ళు. నేను ఉపవాసముండి ప్రార్థన చేశాను. ప్రభువా, వల వేసి వేసి చేతులు నొప్పిపుడుతున్నాయి, ఒక్క చేపా పడలేదని చెప్పుకున్నాను. ఆ ప్రార్థన నిజంగా ఆత్మల కోసమే చేశానని అప్పుడు నమ్మాను.

ఆ వేసవిలో చిన్నాయన మూడో బోరు వేశాడు. మూడోది కూడా దుమ్మే పోసింది. మూడు రోజులు ఆయన మంచం దిగలేదు. శనివారం సాయంత్రం వాళ్ళింట్లో కూడిక పెట్టాం. అయ్యగారు వాక్యం చెప్పాడు. నేను ఫోను గోడ గూట్లో ఆనించి పెట్టాను. అవ్వ దానివైపు చూసి, ఇది ఎప్పుడూ నోరు తెరుచుకొనే ఉంటాది, ఏమన్నా తింటాదా పాపా అంది. అందరూ నవ్వారు.

రాలేనోళ్ళు వింటారవ్వా అన్నాను.

రాలేనివాళ్ళంటే ఆమె లెక్కలో నలుగురు. పక్షవాతం వచ్చిన పెద్దాయన, బాలింత, కళ్ళు కనపడని ఇద్దరు ముసలివాళ్ళు. పాపం, వాళ్ళకు వినపడేటట్ల గట్టిగా చేస్తాలే అంది. నేను సరిదిద్దలేదు. ఆమె ఏమనుకుందో నాకు తెలుసు. తెలిసీ ఊరుకున్నాను.

ఆ రోజు ఆమె గట్టిగానే చేసింది.

"ఏం సామీ, చెవుడొచ్చిందా నీకు? మూడు బోర్లు ఏసినాడు గదా. మూడింట్లోనూ దుమ్మేనా? అప్పుడెప్పుడో రాయిని కొడ్తే నీళ్ళిచ్చినావంట. మా ఊరి రాయి నీకు కంటికి ఆనలేదా?"

చిన్నాయన మంచం మీద లేచి కూర్చున్నాడు. అవ్వ చెయ్యి పైకి లేచింది, గాల్లో ఆగింది, పడింది. అయినా అంది. ఆ తర్వాత అయిదు నిమిషాలు ఆమె ఏం మాట్లాడిందో పూర్తిగా గుర్తులేదు. గుర్తుపెట్టుకోవాల్సిన పని లేదనుకున్నాను, ఫోన్లో ఉంది కదా. ముగిసేసరికి చిన్నాయన చొక్కా అంచుతో ముఖం తుడుచుకొని, చిన్నమ్మను అన్నం పెట్టమన్నాడు. మూడు రోజుల తర్వాత ఆయన అన్నం అడగడం అదే.

తొమ్మిది నిమిషాల ప్రార్థనను నేను యాభై సెకన్లు చేశాను. మూడు సెకన్లలో మనిషిని ఆపే మాట వెతకాల్సిన పని లేకపోయింది, ఆమె మొదటి మాటే అది. నడుమ తిట్లు కొన్ని తీసేశాను. చివర్లో రేపటికి మిగల్చాలి కాబట్టి, ఆమె చెయ్యి పైకి లేచి గాల్లో ఉన్నచోట కోశాను. కింద పసుపు అక్షరాలతో, రెండో భాగం రేపు అని రాశాను. మర్నాడు సాయంత్రం ఏడింటికి వేశాను.

పొద్దున లేచేసరికి ఫోను వేడెక్కి ఉంది. మేం ఆరు నెలల్లో చూడనంత మంది ఆ ఒక్క పూటలో వచ్చారు. మధ్యాహ్నానికి ఇంకా వచ్చారు. మా ఊరి రాయి నీకు కంటికి ఆనలేదా అన్న మాటను అనంతపురంలో, హైదరాబాదులో, దుబాయిలో ఉన్నవాళ్ళు కూడా రాస్తున్నారు. మా అవ్వా ఇట్లే మాట్లాడేదని కొందరు, ఏడుపొచ్చిందని కొందరు. శిక్షణలో చెప్పిన తమ్ముడికి ఫోన్ చేసి రెండో భాగం ఎప్పుడు వేయాలని అడిగాను. ఒకటి పైకి పోతున్నప్పుడు దాని కాళ్ళకు ఇంకొకటి అడ్డం పెట్టొద్దక్కా, నాలుగు రోజులు ఆగు అన్నాడు. ఆగాను. నాలుగు రోజుల తర్వాత కూడా అది పైకే పోతోంది. మళ్ళీ ఆగాను.

ఆ లోపల కామెంట్ల రంగు మారింది. గాల్లో ఆగిన చేతిని జనం తమకు తోచినట్టు చదువుకున్నారు. దేవుడి మీదికే చెయ్యెత్తింది ముసల్ది అని ఒకడు రాశాడు. దాన్నే పట్టుకున్నారు. పాటలు అతికించారు, నవ్వులు అతికించారు, కుర్రాళ్ళు ముసలి వేషం వేసి చెయ్యెత్తి ఆడారు. వాక్యం తెలిసినవాళ్ళు కూడా, ఈమెకు దయ్యం పట్టింది, సంఘం నుంచి వెలివేయండి అని రాశారు. ప్రతి కామెంటుకూ జవాబివ్వాలన్న పాఠం నేను మరిచిపోలేదు. ఓపికగా కూర్చొని ప్రతి ఒక్కరికీ, రెండో భాగంలో చూడండి, మా చానెల్‌ను ఫాలో అవ్వండి అని రాశాను. తిట్టినవాళ్ళు కూడా ఫాలో అయ్యారు.

జనాన్ని లెక్కపెట్టించిన రాజు మీద దేవుడు కోపించిన సంగతి ఆదివార బడిలో నేనే చెబుతాను. లెక్కపెడితే తప్పేమిటక్కా అని పిల్లలు అడుగుతారు. లెక్క తప్పు కాదు, అది నా బలం అనుకోవడం తప్పని చెబుతాను. ఆ పాఠం చెప్పిన ఆదివారమే, పాఠానికి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి ఫోను తీసి ఎంతమంది అయ్యారో చూసుకున్నాను.

ఆ నెల సాక్ష్యాల సమయంలో లేచి నిలబడి, దేవుని కృప వల్ల మన సంఘం మాట ఇంతమందికి చేరిందని అంకె చెప్పాను. అందరికంటే గట్టిగా స్తోత్రం అన్నది అవ్వే. ఆ అంకెలో తాను ఉన్నట్టు ఆమెకు తెలియదు. ఆమెకు ఫోను లేదు, చూపించేవాళ్ళూ లేరు. మా సంఘంలో చూసినవాళ్ళు ఇబ్బందిగా నవ్వి ఊరుకున్నారు. అయ్యగారు మాత్రం ఒకసారి నన్ను పక్కకు పిలిచి, మిగతాది ఎప్పుడు పెడతావమ్మా అని అడిగాడు. పెడతానయ్యగారూ అన్నాను.

ఆమెకు తెలిసింది కర్నూలులో.

మా ఊరామె ఒకతె కడుపులో గడ్డతో ఆసుపత్రిలో చేరింది. ఆపరేషన్ మర్నాడు పొద్దున్నే. అవ్వను చూడాలని ఉందని కబురు పంపింది. బస్టాండు నుంచి అవ్వను ఆటోలో నేనే తీసుకుపోయాను. పెద్ద వార్డు. అవ్వ మంచం పక్కన స్టూలు మీద కాలు చాపుకొని కూర్చుంది. గ్రంథం ఒళ్ళో పెట్టుకుంది. పైకి చూసి మూల వెతుక్కుంది. నోరు తెరిచింది.

అంతలో ఎదురు మంచం దగ్గరున్న ఆడమనిషి, ఈమె ఆ అవ్వే గదా అంది. ఆమె చెప్పగానే నలుగురు తిరిగి చూశారు. ఒకరి తర్వాత ఒకరు వచ్చి మంచం చుట్టూ నిలబడ్డారు. నాలుగు ఫోన్లు లేచాయి, ఆరయ్యాయి. ఎవరూ చెడ్డవాళ్ళు కాదు. వాళ్ళ మనుషులూ ఆ మంచాల మీదే పడుకొని ఉన్నారు. కొంచెం నవ్వు దొరుకుతుందని వచ్చారు, అంతే.

"తిట్టవ్వా, తిట్టు," అన్నాడు ఒకతను. "చెవుడొచ్చిందా అను."

అవ్వ ఆ మాట విని అతన్ని చూసింది. ఫోన్లను చూసింది. ఒక ఆడపిల్ల వంగి, తన ఫోన్లో అవ్వను అవ్వకే చూపించింది. అవ్వ తన చెయ్యి గాల్లో ఆగడం చూసింది. తర్వాత ఏమీ లేకపోవడం చూసింది. ఆ పిల్ల మళ్ళీ మొదటినుంచి పెట్టింది. మళ్ళీ చెయ్యి లేచింది, మళ్ళీ పడలేదు.

అవ్వ నా వైపు చూడలేదు. జీవితంలో మొదటిసారి ఆమె కళ్ళు మూసుకోవడం చూశాను. మూసుకొని, అయ్యగారి మాటలు అరువు తెచ్చుకొని, మహోన్నతుడవైన తండ్రీ అని మొదలుపెట్టి, ఈ సహోదరిని స్వస్థపరచుము అని రెండు మాటలు చెప్పి, ఆమేన్ అంది. చేతులు రెండూ గ్రంథం మీదే ఉన్నాయి. ఫోన్లు పట్టుకున్నవాళ్ళు, ఇదేంది, తిట్టలేదే అనుకుంటూ పోయారు.

మంచం మీదున్నామె అవ్వ చేతిని పట్టుకుంది. "అంతేనా అవ్వా?" అంది.

అవ్వ ఆమె తల నిమిరింది.

వరండాలోకి వచ్చాక, మెట్ల దగ్గర ఆగి నాతో మాట్లాడింది. కోపంగా ఉంటుందనుకున్నాను. కోపమైతే నయమనుకున్నాను. తిట్టాలంటే దగ్గరుండాలన్నది ఆమే కదా.

"నేను ఆయనతో మాట్లాడ్తాంటి పాపా. నువ్వు వాళ్ళకు చూపించినావు," అంది. గ్రంథం చంకలో పెట్టుకొని, "తీసెయ్యమ్మా," అంది. నన్ను ఎప్పుడూ పాపా అనే మనిషి అమ్మా అంది.

తీసెయ్యడం కుదరదవ్వా, అందరి దగ్గరికీ పోయింది అన్నాను. అందులో సగం నిజం. ఎవరెవరో దాచుకున్నవి నేను తీయలేను. మా చానెల్‌లో ఉన్నదాన్ని మాత్రం ఆ మెట్ల మీద నిలబడి ఒక్క వేలితో తీసేయవచ్చు. ఆ వారం మా చానెల్ ఒక పెద్ద అంకెకు దగ్గర్లో ఉంది. ఇంకొన్ని రోజులు ఉంటే చేరుకుంటుంది. ఆ అంకె చేరాక ఈ జనమందరికీ మంచి వాక్యం చెప్పవచ్చు కదా అని మెట్లు దిగుతూ నాకు నేను చెప్పుకున్నాను. దేవుని పని పేరు పెట్టి నేను చేసిన ఈ బేరం ఏ మనిషికీ తెలియదు. ఇప్పుడు రాస్తున్నాను.

ఆ తర్వాత కూడా అవ్వను ఇళ్ళకు పిలిచారు. ఆమె పోయేది, కూర్చునేది. ప్రార్థన మొదలుపెట్టే ముందు ఇప్పుడు పైకప్పు మూల వెతికేది కాదు, ఎవరి చేతుల్లో ఫోన్లున్నాయో వెతికేది. లేవని చెప్పినా నమ్మేది కాదు. కళ్ళు మూసుకొని రెండు ముక్కలు చెప్పి లేచేది. తిట్లు లేవు. తిట్లు లేవు కాబట్టి చెయ్యి లేవలేదు. చెయ్యి లేవలేదు కాబట్టి ఆ మాటకు చోటు లేకపోయింది. పిలిచినవాళ్ళు ఆమెకు టీ ఇచ్చి పంపేవాళ్ళు. మెల్లమెల్లగా పిలుపులు తగ్గాయి.

రెండు నెలలకు ఆ వీడియో అలసిపోయింది. దాన్ని చూసి వచ్చేవాళ్ళు ఆగిపోయారు. అంకె చేరింది, దాటింది. అప్పుడు తీసేశాను. తీసేసి, ఒక ఆదివారం మందిరం బయట అవ్వతో చెప్పాను. ఆమె ముఖం విప్పారింది. "మేలు చేసినావు పాపా," అంది. సంచిలో చెయ్యి పెట్టి, దోసెడు ఉల్లిగడ్డలు నా కొంగులో పోసింది. నేను తీసుకున్నాను. కర్నూలు తెచ్చుకొని వండుకున్నాను కూడా.

మిగతా ఎనిమిది నిమిషాలు ఏమయ్యాయంటారా. క్రిస్మస్ కూటాల్లో పాటలు తీస్తుంటే ఫోను నిండిపోయింది. పొడుగ్గా ఉన్న పాతవాటిని వరసబెట్టి తుడిచేశాను. ఏం తుడిచానో తెలుసుకునేసరికి నెల దాటింది. యాభై సెకన్ల ముక్క మాత్రం వేరే చోట భద్రంగా ఉంది.

అవ్వ కుప్ప దగ్గర ఉల్లిగడ్డలు కోస్తూ కోస్తూ పక్కకు ఒరిగిందట. పక్కనున్నవాళ్ళు, కాలు తిమ్మిరెక్కి వాలిందనుకున్నారట.

బస్సు దిగి నేను పోయేసరికి ఆమె ఇంటి ముందు షామియానా కింద అందరూ కూర్చున్నారు. ముందు బల్ల మీద ఫోటో లేదు, ఆమె ఎప్పుడూ తీయించుకోలేదు. పసుపు గుడ్డ మీద గ్రంథం ఉంది. అంచుల వెంట ఉల్లిపొరలు బయటికి కనపడుతున్నాయి. అయ్యగారు అందులోంచి, ఒక పొర ఉన్న చోట తెరిచి చదివాడు. తర్వాత ఎవరైనా రెండు మాటలు చెప్పండి అన్నాడు.

నేను చెప్పాలనుకొనే వచ్చాను. ఆ మెట్ల సంగతి సంఘం ముందు ఒప్పుకోవాలని, బస్సులో ఆ గొంతు విన్నప్పటినుంచి మాటలు కూర్చుకుంటున్నాను. లేచాను. మైకు అందుకొని నోరు తెరిచేలోపు చిన్నమ్మ అడిగింది.

"నీ ఫోన్ల అవ్వ గొంతు ఉండాది గదా. పెట్టు పాపా, ఒక్కసారి ఇంటాము."

పూర్తిగా లేదు చిన్నమ్మా అన్నాను. ఉన్నంత పెట్టు అంది. చిన్నాయన కూడా తలూపాడు. ఆయన నాలుగో బోరు వేయలేదు. ఇప్పుడు వానకు పండేవే వేస్తున్నాడు.

ఫోను మైకు దగ్గర పట్టుకున్నాను. చెవుడొచ్చిందా అని అవ్వ అడిగింది. ఎవరూ నవ్వలేదు. మూడు బోర్లూ అడిగింది, రాయి సంగతి అడిగింది. ముందు వరసలో ఉన్నవాళ్ళకు తెరమీద ఆమె చెయ్యి లేవడం కనపడింది. నేను కోసిన చోటికి వచ్చి ఆగిపోయింది. మైకులో కొంచెం గరగర మాత్రం మిగిలింది.

నేను తల దించుకున్నాను. అందుకని చూడలేదు, చప్పుడు మాత్రం విన్నాను. చెళ్ళుమని, ఒంటి మీద పడ్డట్టే. తలెత్తితే చిన్నమ్మ చెయ్యి ఆమె మోకాలి మీద ఉంది.

"అయినా," అంది చిన్నమ్మ.

ఆమె వెనక ఇంకొక చెయ్యి పడింది. ఆసుపత్రిలో ఆ రోజు మంచం మీదున్నామె, ఆపరేషన్ అయి తిరిగొచ్చినామె, అయినా అంది. తర్వాత ఒకరి వెంట ఒకరు. ముసలివాళ్ళు, పిల్లలు, ఎప్పుడూ నెమ్మదిగా మాట్లాడే అయ్యగారు. ఒక్కొక్కరూ ఎవరికి గుర్తున్నది వాళ్ళు అందుకున్నారు. నిన్నిడిసి యాడికి పోతామని ఒకరు, కూడు పెట్టినోనివి నువ్వే గదా అని ఒకరు. నేను తుడిచేసిన ఎనిమిది నిమిషాలు తలా ఒక ముక్కగా వాళ్ళ దగ్గర ఉన్నాయి. కళ్ళు తెరుచుకొనే మాట్లాడారు. అందరూ షామియానా మూల వైపు చూస్తున్నారు.

నేనూ చెయ్యి ఎత్తబోయాను. కుడిచేతిలో ఫోను ఉంది, ఎడమచేతిలో మైకు ఉంది.